నార్మల్ కాల్ వద్దన్నా, వాట్సాప్‌ల చెయ్

2025 జనవరి 1. ఊరంతా కేకులు కోసి, శుభాకాంక్షల మెసేజీలు పంపి అలసిపోయిన రాత్రి. మేడ్చల్ పక్కన కండ్లకోయలో ఒక ఇంజినీరింగ్ కాలేజీ లేడీస్ హాస్టల్లో మాత్రం ఆడపిల్లలు నిద్రపోలేదు. స్నానాల గది దగ్గర ఎవరో తొంగిచూస్తున్నారని, వంట పనివాళ్లే ఫోన్లతో వీడియోలు తీస్తున్నారని ఆందోళనకు దిగారు. తెల్లారేసరికి విద్యార్థి సంఘాలు వచ్చాయి, టీవీ కెమెరాలు వచ్చాయి, ఊళ్ల నుంచి తల్లిదండ్రులు వచ్చారు. పోలీసులు వంట సిబ్బందిని అదుపులోకి తీసుకుని, 12 ఫోన్లు స్వాధీనం చేసుకున్నారు. రాష్ట్ర మహిళా కమిషన్ ఎవరి ఫిర్యాదు కోసమూ ఆగకుండా తనంతట తానే కేసు తీసుకుంది.

ఆ రెండు రోజులూ మా మేడ్చల్లో ఏ టీ కొట్టు దగ్గర నిలబడ్డా ఒకటే మాట. ఫోన్లు తెరిచి చూడాలె, లోపల ఏముందో తేలాలె. నాకూ అదే అనిపించింది. ఎన్‌క్రిప్షన్, ప్రైవసీ, రాజ్యాంగం, 21వ అధికరణం అంటూ ఆ గేటు ముందు ఎవరైనా ఉపన్యాసం మొదలుపెడితే ఆ తల్లులు ఏం చేసేవారో ఊహించుకోవచ్చు.

నేను చెప్పబోయే కథ ఇంకొకటి. కానీ ఈ 12 ఫోన్లను పక్కన పెట్టుకోకుండా దాన్ని చెప్పడం న్యాయం కాదు. ఫోన్లు తెరవడం అవసరమైన రాత్రి ఒకటి ఉంటుందని ముందే ఒప్పుకుని మొదలుపెడుతున్నాను. ఇందులో పోలీసు ఫిర్యాదుల్లో, రిమాండు రిపోర్టుల్లో, కోర్టుల్లో, అప్పటి పత్రికల్లో వచ్చిన సంగతులే ఉన్నాయి. పెద్దవాళ్ల నోట నేను ఏ మాటా అల్లి పెట్టలేదు. మేడ్చల్ చెక్‌పోస్టు దగ్గరి నా మిత్రుడొకడి మాటలు మాత్రం నా చెవులతో విన్నవి.

అతను ప్లాట్ల మధ్యవర్తి. ఔటర్ రింగు రోడ్డు పడ్డప్పటి నుంచి ఈ చుట్టుపక్కల వెంచర్లన్నీ అతని నాలుక మీద ఉంటాయి. అతనికి మామూలుగా ఫోన్ చేస్తే ఎత్తుతాడు, రెండు మాటలు మాట్లాడతాడు, రేటు దగ్గరికి రాగానే ఆపేస్తాడు.

‘‘అన్నా, గది నార్మల్ కాల్‌ల వద్దు. వాట్సాప్‌ల చెయ్.’’

ఎందుకని అడిగితే నవ్వుతాడు. ‘‘ఏమో అన్నా. అందరు గట్లనే అంటుండ్రు.’’

అతని వ్యవహారంలో దాచాల్సింది ఏమీ లేదు. గజానికి ఓ వెయ్యి అటూ ఇటూ, అంతే. కానీ ఆ మాట అతనిది కాదు. సర్పంచులు, కార్పొరేటర్లు, విలేకరులు, ఆఫీసర్లు, కాంట్రాక్టర్లు, చివరికి పెళ్లి సంబంధాలు కుదిర్చేవాళ్లు కూడా అంటారు. ‘ఫోన్లో వద్దు, ఎదురుపడ్డప్పుడు మాట్లాడదాం’ అని వెనకటికి అనేవాళ్లు. ఇప్పుడు ఎదురుపడే పని లేకుండా వాట్సాప్ వచ్చింది. ఈ రాష్ట్రంలో ఎన్‌క్రిప్షన్ పాఠం కాలేజీలో ఎవరూ చెప్పలేదు. భయం చెప్పింది.

ఆ భయానికి ఒక ఆఫీసు ఉంది. పేరు స్పెషల్ ఇంటెలిజెన్స్ బ్యూరో, ఎస్ఐబీ. మావోయిస్టుల కదలికలు కనిపెట్టడానికి పెట్టిన నిఘా విభాగం.

2023 నవంబరు 30న తెలంగాణ అసెంబ్లీ పోలింగ్. డిసెంబరు 3న ఫలితాలు. కాంగ్రెస్‌కు 64, బీఆర్ఎస్‌కు 39. పదేళ్ల ప్రభుత్వం దిగిపోయింది. మర్నాడు డిసెంబరు 4న ఎస్ఐబీ అధిపతి టి. ప్రభాకర్ రావు రాజీనామా చేశారు. ఇక ఆ సాయంత్రం జరిగిందని పోలీసులు చెబుతున్నది ఇది. ఆఫీసులో సీసీ కెమెరాలు ఆగిపోయాయి. కంప్యూటర్ల నుంచి హార్డ్ డిస్కులు ఊడదీశారు. వాటి స్థానంలో కొత్తవి బిగించారు. పాతవాటిని కట్టర్‌తో ముక్కలు చేశారు. ఆ ముక్కలు నాగోలు దగ్గర మూసీలో పడ్డాయి.

హార్డ్ డిస్కును కట్టర్‌తో కోయడం ఎలా ఉంటుందో ఒకసారి పాత ఇనుప సామాన్ల దుకాణంలో చూశాను. పైన అల్యూమినియం డబ్బా తేలిగ్గా తెగుతుంది. లోపల అద్దంలా మెరిసే పళ్లెం ఉంటుంది, కట్టర్ దాని మీదికి రాగానే చప్పుడు మారుతుంది, కీచుమంటుంది. ఒక్క డిస్కుకే చెవులు మూసుకున్నాను. ఆనాడు పత్రికలు రాసిన లెక్క 42.

మూసీకి ఇలాంటి పనులు కొత్తేం కాదు లెండి. హైదరాబాదు తనకు అక్కర్లేని ప్రతిదాన్నీ అందులోకే వదులుతుంది.

మూడు నెలలు ఏమీ వినపడలేదు. 2024 మార్చి 10న ఎస్ఐబీలోనే పనిచేసే అదనపు ఎస్పీ డి. రమేష్ పంజాగుట్ట పోలీస్ స్టేషన్‌కు వెళ్లి ఫిర్యాదు ఇచ్చారు. ఒక పోలీసు అధికారి, తన ఆఫీసులో జరిగిన దాని మీద, ఇంకో పోలీస్ స్టేషన్లో ఫిర్యాదు ఇవ్వడం మనం రోజూ చూసేది కాదు. ఎస్ఐబీలో పనిచేసి అప్పటికి సిరిసిల్లకు బదిలీ అయిన డీఎస్పీ ప్రణీత్ రావును రెండు రోజులకే అరెస్టు చేశారు. ఆ నెలలోనే అదనపు ఎస్పీలు భుజంగరావు, తిరుపతన్న, టాస్క్‌ఫోర్స్ మాజీ డీసీపీ రాధాకిషన్ రావు వరుసగా జైలుకు వెళ్లారు. నెలల తర్వాత బెయిలు మీద బయటికొచ్చారు. ప్రభాకర్ రావు అప్పటికే అమెరికా చేరుకున్నారు. మావోయిస్టుల పేరు చెప్పి రాజకీయ ప్రత్యర్థుల, వ్యాపారుల, విలేకరుల, చివరికి న్యాయమూర్తుల ఫోన్ల మీద కన్నేశారన్నది ప్రధాన ఆరోపణ. న్యాయమూర్తుల సంగతి పత్రికల్లో రాగానే హైకోర్టు దాన్ని తనంతట తానే విచారణకు తీసుకుంది. తాము తప్పు చేయలేదన్నది నిందితుల వాదన. ఇదంతా రాజకీయ కక్ష అన్నది బీఆర్ఎస్ మాట. తేల్చాల్సింది కోర్టు.

ఈ కథలో మా పక్క వాళ్లు ఎక్కడున్నారంటే, మధ్యలోనే ఉన్నారు. మేడ్చల్, శామీర్‌పేట మండలాలు మల్కాజిగిరి పార్లమెంటు స్థానం కిందికి వస్తాయి. ఓటర్ల లెక్కన దేశంలోకెల్లా పెద్ద నియోజకవర్గం. 2019లో ఇక్కడ గెలిచింది రేవంత్ రెడ్డి. 2024లో గెలిచింది ఈటల రాజేందర్. ఇద్దరివీ వేర్వేరు పార్టీలు, ఒకరంటే ఒకరికి పడదు. మా ఫోన్లు విన్నారు అన్న ఫిర్యాదు ఒక్కటే ఇద్దరికీ ఉమ్మడి.

ఈటల ఇల్లు శామీర్‌పేటలో. 2021 మే 2న ఆయన్ను మంత్రివర్గం నుంచి తప్పించిన తర్వాత ఆ ఇంటి ముందు ఎన్ని కార్లు ఆగాయో రాజీవ్ రహదారి మీద పోయిన వాళ్లందరికీ గుర్తుంటుంది. జూన్‌లో ఎమ్మెల్యే పదవికి రాజీనామా చేసి బీజేపీలో చేరారు. అక్టోబరు 30న హుజూరాబాద్ ఉప ఎన్నిక. నవంబరు 2న 23,855 ఓట్ల ఆధిక్యంతో గెలిచారు. ఆ ఎన్నిక సమయంలో తన ఫోన్ ట్యాప్ చేశారని ఆయన ఆరోపణ. 2025 జూన్‌లో ప్రత్యేక దర్యాప్తు బృందం ముందుకు వెళ్లి సాక్షిగా వాంగ్మూలం కూడా ఇచ్చారు.

ఆ ఉప ఎన్నిక జరిగిన 2021 అక్టోబరు చివరి వారంలోనే హైదరాబాదులో ఇంకొకటి జరిగింది. గంజాయి మీద దాడుల్లో భాగంగా పాతబస్తీ వైపు పోలీసులు రోడ్డు మీద బండ్లు ఆపుతున్నారు. డ్రైవింగ్ లైసెన్స్ అడిగినట్టే ఫోన్ అడుగుతున్నారు. లాక్ తీయించి, వాట్సాప్ తెరిచి, పైన వెతికే చోట ‘గంజా’ అని టైపు చేసి చూస్తున్నారు. వీడియో బయటికొచ్చి దేశమంతా తిరిగింది. ఎవరినీ బలవంతపెట్టడం లేదు, జనమే సహకరిస్తున్నారు అన్నది అప్పటి దక్షిణ మండలం డీసీపీ వివరణ. నడిరోడ్డు మీద ఖాకీ చొక్కా చెయ్యి చాపితే సహకరించని కుర్రాడు ఎలా ఉంటాడో నాకు తెలియదు.

ఆ వీడియోలో నన్ను పట్టేసింది ఆ వెతికే గడి. వాట్సాప్ 2016 ఏప్రిల్ నుంచి మెసేజీలకూ కాల్స్‌కూ కొసాకొస తాళం వేస్తోంది. మేడ్చల్లో నేను మాట్లాడింది శామీర్‌పేటలో నువ్వు వినేలోపు మధ్యలో ఏ టవరూ, ఏ కంపెనీ, చివరికి వాట్సాప్ కూడా విప్పలేదు. తాళంచెవులు రెండే, ఒకటి నా ఫోన్లో, ఒకటి నీ ఫోన్లో. లెక్కల శాస్త్రం ఇంత గట్టి తాళం చేసి పెడితే, దారి పక్కన కానిస్టేబుల్ వేలితో నాలుగక్షరాలు కొట్టి లోపలికి వెళ్లాడు. తాళం దారికి వేశారు, ఇంటి తలుపు మన బొటనవేలి కింద ఉంది.

మామూలు కాల్‌కు ఈ పాటి తాళం కూడా లేదు. మన ఫోను నుంచి టవరు దాకా గాలిలో గజిబిజి చేసి పంపుతారు. కంపెనీ ఎక్స్ఛేంజికి చేరగానే మాట మాటలా విప్పుకుంటుంది. అక్కడ ప్రభుత్వం వినడానికి ఒక కొళాయి బిగించి ఉంచాలన్నది లైసెన్సు షరతుల్లోనే ఉంది. ఆ కొళాయి తిప్పడానికి కాగితం కావాలి. 2024 దాకా దానికి ఆధారం 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం సెక్షన్ 5(2), దాని కింద 419ఎ నిబంధన. రాష్ట్రంలో అయితే హోం కార్యదర్శి సంతకం. ఉత్తర్వు 60 రోజులు పనిచేస్తుంది, పొడిగించినా 180 రోజులు దాటకూడదు. ప్రధాన కార్యదర్శి నాయకత్వంలో సమీక్ష కమిటీ రెండు నెలలకోసారి కూర్చుని చూడాలి. ఈ కట్టుబాట్లు పౌరహక్కుల సంస్థ పీయూసీఎల్ వేసిన కేసులో సుప్రీంకోర్టు 1996 డిసెంబరు 18న చెప్పిన దాని నుంచి వచ్చాయి. 2023లో కొత్త టెలికం చట్టం వచ్చింది, 2024 డిసెంబరులో కొత్త నిబంధనలు వచ్చాయి. సంతకాల వరస పెద్దగా మారలేదు.

గమనించండి, ఇందులో జడ్జి సంతకం ఎక్కడా లేదు. అడిగేది ప్రభుత్వం, ఇచ్చేది ప్రభుత్వం, సరిగ్గా ఇచ్చారా అని చూసేదీ ప్రభుత్వమే. ఇంకో ముచ్చట ఉంది. పనికి అవసరం లేని రికార్డులను ఆరు నెలలకోసారి చెరిపేయాలని ఆ నిబంధనే చెబుతుంది. మంచి ఉద్దేశంతోనే రాశారు, జనం మాటలు ఆఫీసు బీరువాల్లో ఏళ్ల తరబడి మురగకూడదని. కానీ రహస్యంగా విన్నదాన్ని రహస్యంగా చెరిపేస్తే, విన్నారని ఎవరైనా ఎలా తెలుసుకుంటారు? ఏది నిబంధన ప్రకారం చెరపడం, ఏది సాక్ష్యం మాయం చేయడం? ప్రభుత్వం మారిన మర్నాటి సాయంత్రం కెమెరాలు ఆపి కట్టర్‌తో చేశారన్న పనిని మామూలు ఆఫీసు శుభ్రత అని నమ్మడం మాత్రం నా వల్ల కాదు.

ఇక మా మధ్యవర్తి మిత్రుడి మాటకు వద్దాం. 2024 మేలో రాధాకిషన్ రావు వాంగ్మూలం పేరుతో పత్రికల్లో వచ్చిన వివరాల్లో ఒక భాగం నేను కత్తిరించి దాచుకున్నాను. నిఘా ఉందన్న అనుమానంతో నాయకులు, అధికారులు, ఇంకా చాలామంది మామూలు కాల్స్ మానేసి వాట్సాప్, సిగ్నల్, స్నాప్‌చాట్‌లకు మారిపోయారట. అప్పుడు ప్రణీత్ రావు బృందం ఐపీడీఆర్ తెప్పించుకుని విశ్లేషించడం మొదలుపెట్టిందట. పోలీసుల ముందు నిందితుడు చెప్పింది కోర్టులో సాక్ష్యంగా నిలవదు, సాక్ష్య చట్టం మొదటి నుంచీ ఆ మాటే చెబుతోంది. కాబట్టి అది నిజంగా జరిగిందని నేను రాయడం లేదు. జరగడానికి వీలుందా అంటే, ఉంది. ఎలాగో చెప్తాను.

ఐపీడీఆర్ అంటే ఇంటర్నెట్ ప్రొటోకాల్ డిటైల్ రికార్డు. పాతకాలపు కాల్ లిస్టుకు తమ్ముడు. మన ఫోను ఏ క్షణాన, ఏ టవరు కింద నుంచి, ఇంటర్నెట్‌లో ఏ చిరునామాకు తగిలింది, ఎంతసేపు ఉంది, ఎంత డేటా అటూ ఇటూ వెళ్లింది అన్నది కంపెనీ దగ్గర నమోదవుతుంది. మాట్లాడిన మాట అందులో ఉండదు. అయితే వాట్సాప్ కాల్స్ చాలా వరకు రెండు ఫోన్ల మధ్య నేరుగా నడుస్తాయి, అప్పుడే శబ్దం బాగుంటుంది. నేరుగా నడిచాయంటే నా చిరునామా నీ ఫోనుకు, నీ చిరునామా నా ఫోనుకు తెలియాల్సిందే. ఆ రెండు చిరునామాలూ రెండు కంపెనీల రికార్డుల్లో ఒకే నిమిషంలో కనిపిస్తాయి. ఒక దాని పక్కన ఇంకోటి పెట్టి చూస్తే ఎవరు ఎవరితో ఎంతసేపు మాట్లాడారో తెలిసిపోతుంది.

పల్లెలో పోస్ట్‌మ్యాన్ ఉత్తరం విప్పడు. అయినా ఏ ఇంటికి ఎక్కడి నుంచి ఉత్తరాలు వస్తున్నాయో, ఈ మధ్య ఎందుకు ఎక్కువయ్యాయో ఊళ్లో అందరికంటే ముందు అతనికే తెలుస్తుంది. రాజకీయంలో అయితే మాట కంటే ఎవరితో అన్నదే ఎక్కువ పని చేస్తుంది. ఉప ఎన్నికకు వారం ముందు అధికార పార్టీ మండల నాయకుడు రాత్రి 11 గంటలకు ప్రతిపక్ష అభ్యర్థి మనిషితో నలభై నిమిషాలు వాట్సాప్‌లో ఉన్నాడని తెలిస్తే చాలు. ఏం మాట్లాడుకున్నాడో విని ఏం చేస్తారు?

అందుకే ‘ఎన్‌క్రిప్షన్ వల్ల మా చేతులు కట్టేసినట్టయింది’ అని పోలీసులు అన్నప్పుడు నేను సగమే నమ్ముతాను. ఆ సగం మాత్రం గట్టిగానే నమ్ముతాను. పిల్లల అశ్లీల వీడియోలు పంచుకునేవాళ్లు, అరెస్టు చేశామని ముసలివాళ్లను బెదిరించి బ్యాంకు ఖాతాలు ఊడ్చేవాళ్లు ఆ తాళం వెనకే దాక్కుంటారు. మాట దొరక్క కేసు నిలబడని సందర్భాలు ఉంటాయి.

దానికి ప్రభుత్వాలు చెప్పే మందు అన్ని చోట్లా ఒకటే, మాకూ ఒక తాళంచెవి ఇవ్వండి. మన దగ్గర అయితే 2015 సెప్టెంబరులో కేంద్రం ఒక ముసాయిదా తెచ్చింది. మామూలు జనం కూడా తాము పంపిన మెసేజీల మామూలు ప్రతిని 90 రోజులు దాచి, అడిగితే చూపించాలట. అత్తగారికి పంపిన వంకాయ కూర ఫొటోతో సహా అన్నమాట. దేశం నవ్వేసరికి రెండు రోజుల్లో వెనక్కి తీసుకున్నారు. ఐటీ చట్టం సెక్షన్ 69 మాత్రం గట్టిగానే ఉంది. విప్పమని ఆదేశిస్తే విప్పకపోయినవాడికి ఏడేళ్ల దాకా శిక్ష. 2021 నిబంధనల్లో ఇంకోటి చేర్చారు. పెద్ద మెసేజింగ్ కంపెనీలు, కోర్టో అధికారో అడిగితే ఫలానా మెసేజీ మొదట ఎవరు పంపారో చెప్పాలి. వాట్సాప్ ఢిల్లీ హైకోర్టుకు వెళ్లింది. తాళం పగలగొట్టమంటే ఈ దేశం నుంచి వెళ్లిపోవాల్సి వస్తుందని 2024 ఏప్రిల్‌లో దాని లాయరు కోర్టులోనే చెప్పాడు. బెదిరింపులా వినిపించింది గానీ లెక్క అదే. ఒక్క దొంగ మెసేజీ మొదలు పట్టుకోవాలంటే ప్రతి ఒక్కరి ప్రతి మెసేజీకీ ముందే గుర్తు వేసి ఉంచాలి. ఎవడు దొంగ అవుతాడో ముందు తెలియదు కదా.

అమెరికాలో 2016లో ఎఫ్‌బీఐ ఇదే అడిగింది. శాన్ బెర్నార్డినోలో 14 మందిని చంపినవాడి ఐఫోన్ లాక్ తీయడానికి ప్రత్యేకంగా ఒక సాఫ్ట్‌వేర్ రాసివ్వమని కోర్టు ద్వారా యాపిల్ మెడ మీద కూర్చుంది. యాపిల్ ససేమిరా అంది. ఆరు వారాలకు ఎఫ్‌బీఐ బయటి వాళ్ల సాయంతో ఆ ఒక్క ఫోనూ తెరుచుకుని కేసు ఉపసంహరించుకుంది. ఒక్క ఫోను తెరవడం వేరు, అన్ని ఫోన్లకూ పనికొచ్చే తాళంచెవి చేయించుకోవడం వేరు. మన కండ్లకోయ 12 ఫోన్లు మొదటి కోవలోవి. కేసుంది, ఫిర్యాదు చేసినవాళ్లు ఎదురుగా ఉన్నారు, ఎన్ని ఫోన్లు తీసుకున్నారో పత్రికలకు చెప్పారు. తొంగిచూశారన్న ఆరోపణ మీద వంట మనుషుల్లో ఇద్దరిని అరెస్టు చేశారు. విషయం కప్పిపుచ్చారని కాలేజీ వాళ్ల మీద కూడా కేసు పెట్టారు. రేపు కోర్టులో నిందితుల లాయరు లేచి, ఆ ఫోను ఎప్పుడు తీశారు, ఎవరు తెరిచారు, ఏం చూశారు అని అడగొచ్చు. జవాబు చెప్పి తీరాలి.

ఎస్ఐబీ మీద వచ్చిన ఆరోపణలో ఈ ప్రశ్నలు అడిగే మనిషే లేడు. ఎవరి ఫోను విన్నారో అతనికి తెలియదు. తెలిసేసరికి డిస్కు మూసీలో ఉంది.

శామీర్‌పేటలో నల్సార్ లా యూనివర్సిటీ ఉంది. అక్కడ రాజ్యాంగం చదివే ప్రతి పిల్లకూ పిల్లవాడికీ ఖరక్ సింగ్ కేసు తెలుసు. ఉత్తరప్రదేశ్‌లో దోపిడీ కేసులో సాక్ష్యం లేక వదిలేసిన మనిషి. అయినా పోలీసులు చరిత్ర తెరిచి, అర్ధరాత్రి తలుపు కొట్టి ఉన్నాడా లేడా అని చూసేవారు. 1962 డిసెంబరు 18న సుప్రీంకోర్టు రాత్రి తలుపు కొట్టడం వరకు తప్పన్నది. వెంట తిరిగి కనిపెట్టడంలో తప్పు లేదు, గోప్యత హక్కు రాజ్యాంగంలో లేదన్నది. బెంచీలో ఒక తెలుగాయన ఒప్పుకోలేదు. రాజమండ్రిలో పుట్టిన కోకా సుబ్బారావు. నిఘా నీడలో తిరిగే మనిషి స్వేచ్ఛగా తిరుగుతున్నట్టు కాదని, ఆ నిబంధన మొత్తం చెల్లదని ఆయన వేరే తీర్పు రాశారు. జస్టిస్ షా ఆయనతో కలిశారు. ఇద్దరే కాబట్టి ఓడిపోయారు. 55 ఏళ్ల తర్వాత, 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిది మంది జడ్జీలు ఏకగ్రీవంగా గోప్యత ప్రాథమిక హక్కేనన్నారు, సుబ్బారావు చెప్పిందే సరైనదన్నారు. ఆ తీర్పు వచ్చి నాలుగేళ్లయ్యాక పాతబస్తీ రోడ్డు మీద ‘గంజా’ అని టైపు చేశారు.

ఫోన్ల స్వాధీనానికి ఒక పద్ధతి ఉండాలని సుప్రీంకోర్టు తలుపు తట్టిన ప్రొఫెసర్లలో మొదటి పేరు రామ్ రామస్వామిది. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం మాజీ వైస్ ఛాన్స్‌లర్. పాస్‌వర్డ్ చెప్పమని నిందితుణ్ని బలవంతపెట్టవచ్చా అన్న ప్రశ్న మీద కోర్టులు ఇంకా ఒక మాట మీద లేవు. తన మీద తానే సాక్ష్యం చెప్పనక్కర్లేదన్న 20(3) అధికరణం తలలోని నాలుగంకెలకు వర్తిస్తుందా? బెంగళూరులో ఒక కోర్టు ఒకలా అంది, ఢిల్లీలో ఒక కోర్టు ఇంకోలా అంది.

ఈ ప్రశ్న చివరికి ఎవరి ముందు నిలబడిందో చూడండి.

ప్రభాకర్ రావు అమెరికాలో ఏడాదికి పైగా ఉన్నారు. పాస్‌పోర్టు రద్దయింది. అరెస్టు చేయకుండా సుప్రీంకోర్టు తాత్కాలిక రక్షణ ఇస్తే 2025 జూన్‌లో తిరిగొచ్చి దర్యాప్తు బృందం ముందు కూర్చున్నారు. గంటల తరబడి ప్రశ్నలు. సహకరించడం లేదని, తన పరికరాల్లో డేటా చెరిపేశారని ప్రభుత్వం కోర్టుకు చెప్పింది. సహకరిస్తూనే ఉన్నానని ఆయన వాదన. అక్టోబరులో సుప్రీంకోర్టు ఒక ఆదేశం ఇచ్చింది. ఫోరెన్సిక్ నిపుణుల సమక్షంలో ఆయన తన ఐక్లౌడ్ పాస్‌వర్డ్ రీసెట్ చేయాలి. డిసెంబరులో కోర్టు చెప్పిన మీదట జూబ్లీహిల్స్ పోలీసుల ముందు లొంగిపోయారు.

ఆ అక్టోబరు వార్త నేను రెండుసార్లు చదివాను. నిఘా విభాగానికి అధిపతిగా ఉన్న మనిషి. ఫోన్లో ఏ మాట ఎక్కడ విప్పుకుంటుందో, ఏది విప్పుకోదో ఆ కుర్చీలో కూర్చున్న వాళ్లకు తెలిసినంతగా రాష్ట్రంలో ఇంకెవరికి తెలుస్తుంది? ఆయన సొంత తాళం దగ్గరికి వచ్చేసరికి పోలీసులు సుప్రీంకోర్టు దాకా వెళ్లాల్సి వచ్చింది. ఆయన పక్కన లాయరు ఉన్నాడు. ఎదుటి వాళ్లు ఎందుకు కావాలో చెప్పారు. ఇద్దరు జడ్జీలు విన్నారు. ఎవరి ముందు తెరవాలో, ఎలా తెరవాలో కాగితం మీద రాశారు. అలా జరగడం మంచిదే. ఆ హక్కు ఆయనకు ఉండాల్సిందే. 2021 అక్టోబరులో బండి మీద పోతున్న ఆ పాతబస్తీ కుర్రాడికి ఇందులో ఏ ఒక్కటీ దొరకలేదు.

ఇదంతా మొన్నొక సాయంత్రం చెక్‌పోస్టు దగ్గర మా మధ్యవర్తి మిత్రుడికి చెప్పాను. సగం విన్నాడు. ఐపీడీఆర్ దగ్గర మాత్రం టీ గ్లాసు కింద పెట్టాడు.

‘‘అంటే వాట్సాప్‌ల మాట్లాడినా ఎవలతోని మాట్లాడిన్నో తెల్సిపోతదా?’’

తెలిసే వీలుందన్నాను. 2023 నవంబరులో వాట్సాప్ దీనికొక బిళ్ల పెట్టిందని, అది నొక్కితే కాల్ నేరుగా పోకుండా వాట్సాప్ సర్వర్ల మీదుగా చుట్టు తిరిగి పోతుందని, అవతలి వాళ్ల చిరునామా మన రికార్డులో పడదని చెప్పాను. ఫోన్ తీసి చూపించమన్నాడు. సెట్టింగ్స్, ప్రైవసీ, అట్టడుగున అడ్వాన్స్‌డ్. అక్కడ కాల్స్‌లో ఐపీ అడ్రస్ కాపాడే గడి. దాని కింద చిన్న అక్షరాల్లో ఉన్నది కళ్లు చిట్లించి చదివాడు.

‘‘గిది ఆన్ చేస్తే కాల్ క్వాలిటీ తగ్గొచ్చు అంటుంది గదన్నా.’’

అవునన్నాను.

బొటనవేలు కొంచెంసేపు ఆ బిళ్ల మీదే ఉంచి, తీసేసి, ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. ‘‘పెద్ద డీల్ ఉన్ననాడు చేస్త తీ’’ అని ఇంకో రెండు టీలు చెప్పాడు.